పావు చుట్టు జాన్ సాహెబ్

మాచర్ల దాటి సాగర్ వైపు పోయే దారిలో, ఒక కొండ మీద, రేకుల గదిలో ఆరు రాగి డబ్బాలు వరసగా నిలబడి ఉంటాయి. వాటిలో మూడో డబ్బా నెత్తిన ఉన్న స్క్రూని ఒక ఆదివారం ఉదయం ఎనిమిది గంటలకీ పదకొండు గంటలకీ మధ్య ఎవరో తిప్పారు. ఎవరు? మూడేళ్ళుగా ఈ ప్రశ్న నా వెంట తిరుగుతోంది. ముప్పై రెండేళ్ళు లైబ్రేరియన్‌గా పనిచేసినవాణ్ణి. ఏ పుస్తకం ఎవరు పట్టుకెళ్ళి తిరిగివ్వలేదో ఇప్పటికీ చెప్పగలను. ఈ స్క్రూ సంగతి మాత్రం చెప్పలేను.

ప్రశ్న అర్థం కావాలంటే ముందు జాన్ సాహెబ్ గురించి చెప్పాలి. ఆయన గురించి చెప్పడానికి ఒక్క ముక్క చాలు. ఆయనకి "సరిపోద్ది" అన్న మాట పడదు.

కొందరికి వంకాయ పడదు, ఒళ్ళు దురద పెడుతుంది. ఈయనకి ఆ మాట చెవిన పడితే మీసం లేస్తుంది. మా పల్నాడులో ఆ మాట లేకుండా ఏ పనీ జరగదు. గోడ వంకర పోయిందేం మేస్త్రీ అంటే "సున్నం కొడితే సరిపోద్ది లెండి" అంటాడు. పప్పులో ఉప్పు తగ్గిందంటే "పచ్చడి ఉందిగా, సరిపోద్ది." పెళ్ళికొడుకు మరీ పొట్టి కదా అంటే "పీటల మీద కూర్చునేగా తాళి కట్టేది, సరిపోద్ది." ఇలాంటి చోట పుట్టి, అరవై రెండేళ్ళు బతికి, ఆ మాట విన్న ప్రతిసారీ కొత్తగా కోపం తెచ్చుకోవాలంటే మనిషికి ఎంత ఓపిక ఉండాలి!

నరసరావుపేట స్టేషన్ రోడ్డులో ఆయనకి వైర్‌లెస్ రిపేరు కొట్టు ఉంది. ఇళ్ళ రేడియోలతో మొదలుపెట్టి, దాచేపల్లి వైపు సిమెంటు ఫ్యాక్టరీల వాకీటాకీల దాకా వచ్చారు. నేను మొదటిసారి మా ఇంటి రేడియో పట్టుకెళ్ళినప్పుడు పదకొండు రోజులు ఉంచుకున్నారు. రెండో రోజుకే అందులోంచి వార్తలు వినపడుతున్నాయి.

"వినపడుతోందిగా సాహెబ్ గారూ, ఇచ్చెయ్యండి" అన్నాను.

"వినపడితే అయిపోయిందా? చదివే అమ్మాయి గొంతులో జలుబు చూశారా సారూ?"

"ఆమెకి నిజంగానే జలుబేమో."

"నిన్న చదివిన మగాయనకి కూడానా?" అని సెట్టు మళ్ళీ విప్పారు.

పన్నెండో రోజు స్వయంగా మా ఇంటికి తెచ్చి బల్ల మీద పెట్టి, మా ఆవిడ వాసంతిని అడిగారు. "చెల్లెమ్మా, ఎర్ర నెయిల్ పాలిష్ ఉంటే ఇస్తావా?"

వాసంతి నా వంక చూసింది. నేను గోడ వంక చూశాను. సీసా తెచ్చి ఇచ్చింది. సాహెబ్ గారు రేడియో వెనక ఉన్న ప్రతి స్క్రూ నెత్తిన ఒక్కో చుక్క పెట్టారు, పెళ్ళికూతురికి పెట్టినంత శ్రద్ధగా. "ఇది సీలు. ఇక ఎవడన్నా వేలు పెడితే చుక్క పగులుద్ది, నాకు తెలిసిపోద్ది" అన్నారు. సీసా జేబులో వేసుకుని వెళ్ళిపోయారు.

అది మొదలు. ఇప్పుడు మా ఇంట్లో ఫ్యాను స్క్రూకి ఎర్రచుక్క, కుక్కరు పిడికి ఎర్రచుక్క, నా కళ్ళజోడు కాడలకి రెండు ఎర్రచుక్కలు. ఒకసారి బస్సులో ఎవరో చిన్నపిల్ల "తాత కళ్ళజోడు కూడా బొట్టు పెట్టుకుంది" అని నవ్వింది. వాసంతి లెక్క ప్రకారం పదకొండు సీసాలు ఆయన జేబులోకి వెళ్ళాయి. ఒక్కటీ తిరిగి రాలేదు.

ఆయనకి ఒక ధర్మం ఉంది. ఒకడు కుదిర్చిన స్క్రూని ఇంకొకడు అడగకుండా తిప్పితే అది దొంగతనం. ఆ మాట కోర్టులో చెప్పినట్టు చెబుతారు. "పావు చుట్టే కదా అంటాడు సారూ. పావు చుట్టుకి సముద్రం దాటొచ్చు, పావు చుట్టుకి గుమ్మం దాటలేకపోవచ్చు."

కూతురు సనా పెళ్ళిలోనూ అంతే. బిర్యానీ మాస్టరు అహ్మద్ మూత తీయబోతూ "దమ్ము సరిపోద్ది భాయ్" అన్నాడు, పాపం, తెలియక. దేగిసా మూతకి మళ్ళీ పిండి మెత్తించి, గంటంపావు కూర్చోబెట్టారు. మగపెళ్ళివారు ఖర్జూరాలు తిని, గింజలు చూసుకుంటూ కూర్చున్నారు. ఆయన భార్య ఖాతూన్ బీ మా ఆవిడ పక్కన కూలబడి అంది. "ఈయన్ని కట్టుకుని ముప్పై ఆరేండ్లయింది వదినా. నేనే ఇంకా ట్యూన్ కాలేదంట."

అప్పగింతలప్పుడు కూతురి తల మీద చెయ్యి వేసి ఆయన అన్న మాట "డెబ్బై మూడు". సొంత సెట్లతో ఒకరితో ఒకరు మాట్లాడుకునే హామ్ రేడియోవాళ్ళు మాట ముగించేటప్పుడు శుభాకాంక్షలకి బదులు అలా అంటారు. ఆయన ఎక్కడా ఆ అంకె చెప్పకుండా వెళ్ళరు, అది ఖబరస్తానైనా సరే. పెళ్ళికొడుకు తండ్రి మాత్రం అదేదో బాకీ అనుకుని కంగారుపడ్డాడు.

నేను హామ్ రేడియో క్లబ్బులో చేరడానికి కారణం కూడా ఆయనే. మాట్లాడటం రానివాడికి రేడియో మంచిది, ఎదుటివాడి ముఖం కనపడదు. లైసెన్సు పరీక్ష రాసి ప్యాసయ్యాను. క్లబ్బులో తొమ్మిదిమందిమి. అధ్యక్షులు పత్తి వ్యాపారం చేసి విశ్రాంతి తీసుకుంటున్న గోపాలకృష్ణయ్య గారు. ఆయన మేడ మీద ఉన్న ఏరియల్ స్తంభం రైల్వే స్టేషనులో దిగినవాళ్ళకి కూడా కనపడుతుంది. నాకు ఉత్తరాలు రాయడం వచ్చు కాబట్టి కార్యదర్శిని చేశారు.

కొండ మీద రిపీటర్ పెట్టాలని క్లబ్బు తీర్మానించినప్పుడు, అదేమిటో జాన్ సాహెబ్ అందరికీ చెప్పారు.

"కొండ మీద ఒక మనిషి ఉన్నాడనుకోండి. లోయలో వాళ్ళు చిన్నగా చెప్పింది విని, అదే మాట ఊళ్ళన్నిటికీ అరిచి చెప్తాడు. అదే రిపీటరు. చిక్కేందంటే, ఉండేది ఒకటే స్తంభం. దాంతోటే వినాల, దాంతోటే అరవాల, అదీ ఒకే టైములో. తన అరుపుకి తన చెవే దిబ్బడ పడుద్ది. అందుకే ఈ ఆరు డబ్బాలు. మూడు నోటి కాడ, మూడు చెవి కాడ కాపలా ఉంటయ్. దీన్నే డూప్లెక్సర్ అంటారు. ఒక్కో డబ్బాకీ ఒక్కో స్క్రూ. పావు చుట్టు తేడా పడితే కాపలావాడు నిద్రపోయినట్టే."

"అంటే అరుస్తా వినటం. అదేం గొప్ప సాహెబూ, మా ఇంట్లో రోజూ ఉండేదే" అన్నారు గోపాలకృష్ణయ్య గారు.

"అరుస్తారు సరే. వింటారా? తమరికి డూప్లెక్సర్ లేదు ప్రెసిడెంటు గారూ."

వాళ్ళావిడ ప్రభావతి గారు కాఫీ గ్లాసులు తెస్తూ గుమ్మంలోనే ఆగి, "ఎంతవుద్ది అన్నయ్యా ఒకటి?" అన్నారు.

చందాల కోసం కరపత్రం నేనే రాశాను. కృష్ణ ఒడ్డున ఫోను సిగ్నలు రాని ఒక తండాలో ఎలిజబెత్ అని నర్సు ఉంది. జాన్ సాహెబ్ ఆమెకి తొమ్మిది నెలలు పాఠాలు చెప్పి లైసెన్సు పరీక్ష ప్యాసు చేయించి, చేతిలో పట్టుకునే చిన్న సెట్టు ఒకటి ఇచ్చారు. "లోయలోని ఒక తల్లి కేక ఊరికి వినపడటానికి" అని కరపత్రం మొదలుపెట్టాను. మంచి వాక్యం. చందాలు బాగా వచ్చాయి. ఆ తర్వాత ఆ వాక్యాన్ని అందరం మర్చిపోయాం, రాసిన నాతో సహా. సిగ్గులేకుండా చెబుతున్నాను.

డూప్లెక్సర్ వచ్చింది. "కొండ మీదే ట్యూన్ చేయాల" అన్నారు జాన్ సాహెబ్. "వైశాఖమాసంలో కొండ మీదా? మా హాల్లో ఏసీ ఉంది" అన్నారు అధ్యక్షులు.

"కొండ మీద ఏసీ ఉందా?"

"లేదు."

"మరి డబ్బాలుండేది హాల్లోనా, కొండ మీదా? ఎండకి రాగి సాగుద్ది. ఇరవై నాలుగు డిగ్రీల కాడ కుదిర్చి నలభై ఏడు కాడ పెడితే, నూతిలో కొలిచిన తాడుతో ఆకాశం కొలిచినట్టు!"

ఆయనతో తేలదని ఎక్కడినుంచో ఒక ఇంజనీరుని పిలిపించారు. అధ్యక్షుల హాల్లో కూర్చోబెట్టారు. ఆ కుర్చీ, ఆ చల్లదనం, ఆ బాదంపాలు. ముప్పావుగంటలో ల్యాప్‌టాప్ మూసేసి "సరిపోద్ది సార్" అన్నాడు. నేను కళ్ళు మూసుకున్నాను. జాన్ సాహెబ్ జేబులో చెయ్యి పెట్టారు. నెయిల్ పాలిష్ తీసి ఆరు స్క్రూల మీదా ఆరు చుక్కలు పెట్టారు. "ఇది నువ్వు కుదిర్చినట్టు గుర్తు నాయనా. రేపు నా మీద పడకుండా."

కొండెక్కించి పరీక్షించాం. అధ్యక్షుల పెద్ద సెట్టు గంటలా మోగింది. వాళ్ళ అల్లుడు సుధాకర్ నరసరావుపేట మేడ మీంచి పలికితే పక్కన కూర్చున్నట్టే ఉంది. ఎలిజబెత్ చిన్న సెట్టు పొద్దున్న ఆరింటికి వినపడింది. ఎండ ఎక్కేకొద్దీ గరగర. పది దాటాక ఏమీ లేదు.

"అందరిదీ వినపడతా ఉంది. ఆ అమ్మాయినొక్కదాన్ని పొద్దున్నే మాట్లాడమను. సరిపోద్ది" అన్నారు అధ్యక్షులు.

ఆ రోజు నేను చూసింది కోపం కాదు. మీసం, గడ్డం, టోపీ, అన్నీ కలిసి లేచాయి.

"కాన్పులు పొద్దున్నే అవుతయ్యా ప్రెసిడెంటు గారూ? కడుపులో బిడ్డలకి తమరు టైం టేబుల్ పంపిస్తారా? అక్కడ చిన్నారి అని ఒక పిల్లకి తొమ్మిదో నెల నిండింది. మిట్టమధ్యాహ్నం నొప్పులొస్తే ఏం చెప్పాల, చల్లబడేదాకా ఆగమనాలా? తమరికి గొంతుంది, స్తంభం ఉంది, మేడ ఉంది. తమరికి రిపీటరెందుకు, కిటికీ తీసి పిలిచినా గుంటూరు దాకా వినపడుద్ది! ఇది పెట్టింది గొంతు లేనోళ్ళకి!"

"ఇప్పుడు మళ్ళీ విప్పటానికి కుదరదు. ఆదివారం పదకొండింటికి ప్రారంభోత్సవం. పెద్దాయన వస్తున్నాడు. శిలాఫలకం చెక్కించాం" అన్నారు అధ్యక్షులు.

"ఒకడు కుదిర్చింది నేను విప్పను. తమరు విప్పమని చెప్పాల."

"చెప్పను."

ఆదివారం వచ్చింది. జాన్ సాహెబూ నేనూ ఏడింటికే కొండెక్కాం. ఎనిమిదింటికి పరీక్ష చేశాం, సుధాకర్ గొంతు మోగింది. గదికి తాళం వేసి, తాళంచెవి మా పద్ధతి ప్రకారం ఆ తలుపు పక్కనే మేకుకి తగిలించాం. షామియానా వాళ్ళు వచ్చారు, కుర్చీల వాళ్ళు వచ్చారు, పులిహోర పొట్లాలు వచ్చాయి. నేనేం చేస్తున్నానంటే, నీడ చూసుకుని పుస్తకం చదువుకుంటున్నాను. చదువరికి సాక్ష్యం చెప్పే అర్హత లేదు. ఆ మూడు గంటల్లో ఏనుగు ఆ గదిలోకి వెళ్ళివచ్చినా నాకు తెలియదు.

పదకొండింటికి ముఖ్య అతిథి మైకు అందుకుని, మీట నొక్కి "పల్నాడు ప్రజలకు నమస్కారం" అన్నారు. రిపీటర్ ముసలి గేదెలా గుర్రుమంది. మళ్ళీ నమస్కారం. మళ్ళీ గుర్రు. సుధాకర్‌కి ఫోను చేస్తే "ఏం వినపడట్లేదు మామయ్యా, గొంతు చించుకుంటున్నా" అన్నాడు. పెద్ద సెట్లకి కూడా ఆ కొండ చెవి మూసుకుపోయింది.

జాన్ సాహెబ్ టార్చిలైటుతో గదిలోకి దూరి, క్షణంలో బయటికొచ్చారు.

"మూడో డబ్బా! చుక్క పగిలింది! ఎవరు తిప్పారు?"

షామియానా వాళ్ళు రెండడుగులు వెనక్కి వేశారు.

"దొంగతనం ఇది! చేతులు చూపించండి, అందరూ!"

ఆ గొంతుకి అందరూ చేతులు చాచారు. కుర్చీల వాళ్ళు, పులిహోర పంచే ఆమె, అధ్యక్షులు, చివరికి ముఖ్య అతిథి కూడా. ఎర్రరంగు అంటినవాడు దొంగ. ప్రభావతి గారి వంతు వచ్చింది. ఆవిడ పది గోళ్ళకీ నిగనిగలాడే ఎర్రరంగు.

"ఏంది అన్నయ్యా అట్టా చూస్తావు? పది వేళ్ళకీ పది కేసులు పెడతావా?"

ముఖ్య అతిథి అరగంట చెమటలు తుడుచుకుని, ఇంకో ఊళ్ళో ఇంకో ప్రారంభోత్సవం ఉందని వెళ్ళిపోయారు. అధ్యక్షులు కుర్చీలో కూలబడ్డారు. "ఇప్పుడేం చేయాల సాహెబూ?"

"కుదర్చాల."

"ఎక్కడ?"

"ఇక్కడే. ఈ ఎండలోనే. తమరు చెప్తేనే."

"చెప్తున్నా! విప్పు! నీ ఇష్టం!"

రేకుల గదిలోకి నన్ను మీటరు పట్టుకోవడానికి తీసుకెళ్ళారు. తలుపు మూశారు. గోడ మీది థర్మామీటరు నలభై ఏడు. ఫ్యాను వద్దన్నారు. బయట ఎవరూ నడవొద్దన్నారు. నా వంక చూసి "ఊపిరి గట్టిగా పీల్చొద్దు సారూ, ముల్లు ఊగుతా ఉంది" అన్నారు.

"చచ్చిపోతాను సాహెబ్ గారూ."

"పావు చుట్టు దాకా ఆగండి."

ఒక డబ్బా తర్వాత ఒక డబ్బా. తిప్పడం, చూడటం, నిట్టూర్చడం, తిట్టడం. తిట్లు రాగికి, ఎండకి, బాదంపాలకి. రెండున్నరకి ఎలిజబెత్‌ని పిలిచారు. ముందు ఉట్టి గరగర. పావు చుట్టు. గరగరలో ఏదో కదిలింది. ఇంకో పావు చుట్టు. "...రూ... న్నం..." అంది. నేను నిజంగానే ఊపిరి బిగబట్టాను. ఆయన వేలు వెంట్రుకవాసి కదిలింది. గోడ అవతలి నుంచి మనిషి గుమ్మంలోకి వచ్చినట్టు ఆ గొంతు వచ్చింది.

"సాహెబ్ గారూ, అన్నం తిన్నారా?"

"అన్నం సంగతి తర్వాత! ఎక్కడున్నావు నువ్వు?"

"రాయి మీద నిలబడ్డానండీ. ఇక్కడైతే బాగా అందుద్దని."

"దిగు! కాన్పు రాయి మీద చేస్తావా? చిన్నారి వాళ్ళింట్లోకి పో. తలుపు వేసుకో. మంచం పక్కన నిలబడి మాట్లాడు."

రాయి దిగితే గొంతు మళ్ళీ గరగరలో మునిగింది. మళ్ళీ మొదటి డబ్బా నుంచి. నాలుగూ పదికి, రాళ్ళగోడల ఇంట్లోంచి, మంచం పక్క నుంచి మాట స్పష్టంగా వచ్చింది. వెనక చిన్నారి నవ్వు కూడా వినపడింది. "ఆయన ఎప్పుడూ ఇట్టాగే అరుస్తాడా అక్కా?" అని అడుగుతోంది.

సాహెబ్ గారు ఆరు చుక్కలూ పెట్టి బయటికొచ్చారు. చొక్కా పిండితే బిందె నిండేది. రిబ్బను, కత్తెర పట్టుకుని అధ్యక్షులు అక్కడే ఉన్నారు.

"మరి ప్రారంభోత్సవం సాహెబూ?"

"అయిపోయింది. ఆమె ఇంట్లోంచి మాట్లాడింది." ఒక పులిహోర పొట్లం విప్పుకుంటూ అన్నారు. "సరిపోద్ది."

ప్రభావతి గారి చేతిలోంచి గ్లాసు జారింది.

ఆ గురువారం మధ్యాహ్నం ఒంటిగంటా ఇరవైకి మా ఇంట్లో సెట్టు పలికింది. చిన్నారికి నొప్పులు మొదలయ్యాయి, బిడ్డ అడ్డం తిరిగింది, బండి కావాలి. బయట రోడ్డు మీద తారు కరుగుతోంది. ఫోను చేశాను, బండి వెళ్ళింది. సాయంత్రానికి ఆసుపత్రిలో ఆడపిల్ల. తల్లీ బిడ్డా క్షేమం. కొట్టుకి పరుగెత్తి సాహెబ్ గారికి చెప్పాను. ఒక్క క్షణం కళ్ళు తుడుచుకున్నారు. ఆ వెంటనే అడిగారు.

"ఎట్టా వినపడింది?"

"బాగా."

"బాగా అంటే? గరగర ఉందా?"

"రవ్వంత."

"రవ్వంతా!" అంటూ షట్టరు దించి మాచర్ల బస్సెక్కారు.

ఆ బస్సు వెళ్ళాకే నాకు తట్టింది. ఆ ఆదివారం అందరి చేతులూ చూశారు, తన చేతులు చూపించలేదు. రేకుల గదిలో మీటరు పట్టుకున్నప్పుడు ఆయన బొటనవేలి గోటి కింద ఎర్రటి పెచ్చు చూశాను. కానీ అప్పటికే స్క్రూలు విప్పుతున్నారు కదా, అది అప్పుడు అంటిందీ కావచ్చు. తను నమ్మిన ధర్మం ప్రకారం దొంగతనమైన పనిని ఈయన చేశారా? లేక నిజంగా ఏ కుర్చీలవాడో ఆకతాయిగా తిప్పాడా? క్లబ్బు పుస్తకంలో "సాంకేతిక కారణాల వల్ల" అని రాశాను. అంతకంటే పిరికి వాక్యం నేను రాయలేదు.

మొన్న ఒకరోజు ఫ్యాను బాగుచేయడానికి ఇంటికొచ్చారు. పని అయ్యాక టీ ఇచ్చి, మూడేళ్ళు మింగిన మాట అడిగేశాను.

"సాహెబ్ గారూ, మూడో డబ్బా స్క్రూ ఎవరు తిప్పారు?"

టీ కప్పు గాల్లో ఆగింది. మీసం లేచింది, దిగింది. "మూడేండ్లయింది! దొంగని ఇంకా పట్టలేదా మీరు? ఏం కార్యదర్శి సారూ మీరు!" అన్నారు. సంచి భుజాన వేసుకున్నారు, చెప్పులు తొడుక్కున్నారు. వస్తానని లేదు, డెబ్బై మూడు లేదు. గేటు చప్పుడైంది.

వాసంతి లోపలి నుంచి వచ్చింది. "ఏరీ అన్నయ్య?"

సగం తాగిన టీ పక్కన, స్టూలు మీద, కొత్త నెయిల్ పాలిష్ సీసా ఉంది. అట్టపెట్టె కూడా విప్పలేదు. పట్టుకెళ్ళిన పదకొండు సీసాలకి ఒకటి తిరిగొచ్చింది. వాసంతి మూత తీసి గోటి మీద ఒక గీత గీసుకుని, వెలుతురుకి తిప్పి చూసుకుంది.

"నేను వాడే ఎరుపు కాదు ఇది. పోన్లే, సరిపోద్ది" అంది.

అని, ఇద్దరం ఒక్కసారే గుమ్మం వైపు చూశాం.